కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించాక రౌటర్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేయాల్సిందేనా?

చిక్కుముడి_కేబుల్ అడిగిన ప్రశ్న

నమస్కారం అండీ. ఆసుస్ రౌటర్‌లో మెర్లిన్ (ఆసుస్ రౌటర్ల కోసం బయటి డెవలపర్ చేసే ఫర్మ్‌వేర్, అంటే రౌటర్‌ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) 386 శ్రేణి నడుస్తోంది, దాన్ని 388 శ్రేణికి మార్చాలి. డీహెచ్‌సీపీ రిజర్వేషన్లు (ఒక్కో పరికరానికి కట్టేసిన ఐపీ అడ్రస్‌లు) 22, పోర్ట్ ఫార్వార్డింగ్ రూల్స్ 6, ఒక ఓపెన్‌వీపీఎన్ సర్వర్, రెండు సొంత స్క్రిప్ట్‌లు ఉన్నాయి. అన్నీ మళ్లీ కొట్టాలంటే ఒక పూట పడుతుంది.

కొందరు ప్రతి అప్‌డేట్ తర్వాతా రీసెట్ చేయకపోతే కొంప మునుగుతుందంటారు. ఇంకొందరు అదంతా పాతకాలపు చాదస్తం అంటారు. నాకు తెలియాల్సినవి మూడు. రీసెట్ నిజంగా అవసరమా? చేస్తే అప్‌డేట్‌కి ముందా, తర్వాతా? రీసెట్ అయ్యాక బ్యాకప్ ఫైల్ ఎక్కించేస్తే పని అయిపోతుందా?

ఎన్‌వీర్యామ్_పిచ్చి

మూడో ప్రశ్నతో మొదలుపెడతా, ఎందుకంటే ఎక్కువమంది బోల్తా పడేది అక్కడే. రీసెట్ చేసి పాత బ్యాకప్ ఎక్కించడమంటే ఇల్లంతా ఊడ్చి, ఆ చెత్తే చేటతో తెచ్చి మళ్లీ నట్టింట్లో పోసినట్టు. ఆ బ్యాకప్ మీ పోర్ట్ ఫార్వార్డింగ్ పేజీకి నకలు కాదు. మొత్తం ఎన్‌వీర్యామ్‌కి నకలు.

ఎన్‌వీర్యామ్ అంటే ఫ్లాష్ చిప్‌లో ఫర్మ్‌వేర్‌కి దూరంగా పెట్టిన ఒక చిన్న అర. ఆసుస్ ఫర్మ్‌వేర్ గానీ, డీడీ-డబ్ల్యూఆర్‌టీ, టొమాటో లాంటి బయటి ఫర్మ్‌వేర్లు గానీ నడిచే బ్రాడ్‌కామ్ చిప్ రౌటర్లలో 32, 64 లేదా 128 కిలోబైట్లు ఉంటుంది. అందులో 'పేరు = విలువ' రూపంలో వందల కొద్దీ వరుసలుంటాయి. మీరు మెనూలో చూసేది వాటిలో కొంతే. వై-ఫై డ్రైవర్ లోపలి విలువలు, ఏ పోర్ట్ ఏ వీల్యాన్‌లో (విడదీసిన నెట్‌వర్క్ భాగం) ఉందో చెప్పే వరుసలు, ఎప్పుడో తీసేసిన ఫీచర్ల ఆనవాళ్లు అన్నీ అక్కడే పడి ఉంటాయి.

కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించినప్పుడు ఈ అర జోలికి ఎవరూ పోరు. కొత్త ఫర్మ్‌వేర్ లేచి, తనకు కావలసిన పేరు అక్కడ లేకపోతే తన డిఫాల్ట్ విలువ రాసుకుంటుంది. పేరు ఉంటే ఉన్న విలువనే నమ్ముతుంది. ఇబ్బంది ఈ రెండో సందర్భంలోనే. పేరు అదే ఉండి అర్థం మారితే? పాత వెర్షన్‌లో 1 అంటే 'ఆన్', కొత్తదాంట్లో 1 అంటే 'ఆటో' అయితే? డెవలపర్ మార్పిడి కోడ్ రాసి ఉంటే ఏ గొడవా ఉండదు. మరిచిపోతే మెనూలో ఒకటి కనిపిస్తుంది, లోపల ఇంకోటి నడుస్తుంది.

కాబట్టి మొదటి ప్రశ్నకి జవాబు: వెర్షన్ మారిందా అన్నది కాదు, సెట్టింగ్స్ దాచుకునే పద్ధతి ఎంత మారింది అన్నది చూడాలి. 388లోనే ఒక చిన్న వెర్షన్ నుంచి తర్వాతి దానికి వెళ్తుంటే రీసెట్ అక్కర్లేదు, అప్‌డేట్ చేసి ఒకసారి రీబూట్ చేయండి చాలు. 386 నుంచి 388కి అంటే కింద డ్రైవర్లే మారతాయి కాబట్టి రీసెట్‌కి మనసు సిద్ధం చేసుకోండి. కంపెనీ ఫర్మ్‌వేర్ నుంచి వేరే ప్రాజెక్ట్ ఫర్మ్‌వేర్‌కి వెళ్తుంటే, లేదా వెనక్కి పాత వెర్షన్‌కి దిగుతుంటే, ఇక ఆలోచించేదే లేదు, రీసెట్ చేయాలి. ఆ వెర్షన్ రిలీజ్ నోట్స్‌లో 'రీసెట్ చేయండి' అని ఒక్క ముక్క ఉన్నా అంతే.

రెండో ప్రశ్న: తర్వాతే. రీసెట్ ఏం చేస్తుంది? ఆ క్షణంలో నడుస్తున్న ఫర్మ్‌వేర్ తన డిఫాల్ట్‌లు రాసిపెడుతుంది. ముందు చేస్తే 386 డిఫాల్ట్‌లు రాస్తుంది. తర్వాత వచ్చే 388 వాటిని 'యూజర్ పెట్టుకున్న విలువలు' అనుకుని అలాగే ఉంచేస్తుంది. పడ్డ శ్రమ బూడిదలో పోసిన పన్నీరే. ఫర్మ్‌వేర్ కుటుంబమే మారేటప్పుడు మాత్రం ముందూ, తర్వాతా రెండుసార్లు చేయడంలో అర్థం ఉంది. అక్కడ పాత వరుసలు కొత్తదాన్ని బూట్ కానివ్వకుండా అడ్డుపడే ప్రమాదం ఉంది.

ఇంకో మాట. ఎన్‌వీర్యామ్ నిండిపోవడం కూడా ఒక కారణం. ఎస్ఎస్‌హెచ్‌లో (కంప్యూటర్ నుంచి రౌటర్‌కి కమాండ్లు కొట్టే దారి) లాగిన్ అయి 'ఎన్‌వీర్యామ్ షో' కొడితే చివర్లో ఇలాంటి లైన్ వస్తుంది: సైజు 58123 బైట్లు, మిగిలింది 7413. రెండూ కలిపితే 65536, అంటే 64 కిలోబైట్ల అర. మిగిలింది వెయ్యి రెండు వేల బైట్లకి పడిపోతే కొత్త సెట్టింగ్ 'అప్లై' కొట్టినా నిలవదు, రీబూట్ కాగానే మాయమవుతుంది. ఇలాంటప్పుడు ఫర్మ్‌వేర్‌ని తిట్టి లాభం లేదు.

ఓవర్‌లే

పైన చెప్పింది బ్రాడ్‌కామ్ లోకానికి అక్షరాలా నిజం. కానీ చదివేవాళ్లలో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత ఫర్మ్‌వేర్ వాడేవాళ్లూ ఉంటారు, వాళ్లకి లెక్క వేరు.

ఇక్కడ మూల ఫర్మ్‌వేర్ మార్చడానికి వీల్లేని స్క్వాష్‌ఎఫ్ఎస్ అనే ఫైల్‌సిస్టమ్‌లో ఉంటుంది. మీరు మార్చిన ప్రతి ఫైలూ దాని పైన ఓవర్‌లే అనే పొరలో పడుతుంది. ఫ్యాక్టరీ రీసెట్ అంటే ఆ పై పొర చెరిపేయడమే. సెట్టింగ్స్ అన్నీ ఈటీసీ ఫోల్డర్‌లోని కాన్ఫిగ్ ఫోల్డర్‌లో మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా ఉంటాయి కాబట్టి దేన్నైనా తెరిచి చదవొచ్చు, గుడ్డిగా నమ్మక్కర్లేదు.

సిస్‌అప్‌గ్రేడ్ అనే కమాండ్ మామూలుగా కాన్ఫిగ్ (సెట్టింగ్స్ ఫైళ్లు) ఉంచుకునే అప్‌గ్రేడ్ చేస్తుంది. మైనస్ ఎన్ అనే ఆప్షన్ పెడితే వదిలేస్తుంది. ఒకే శ్రేణిలో చిన్న అప్‌డేట్లకి కాన్ఫిగ్ ఉంచుకోవడమే మంచిది. ఏ ఫైళ్లు మిగులుతాయో ముందే చూడాలంటే మైనస్ ఎల్ ఆప్షన్ ఉంది. మీరు విడిగా ఇన్‌స్టాల్ చేసిన ప్యాకేజీలు మిగలవు, వాటి కాన్ఫిగ్ ఫైళ్లు మాత్రం మిగులుతాయి. అప్‌డేట్ తర్వాత యాడ్‌బ్లాక్ పనిచేయట్లేదంటే కారణం సాధారణంగా ఇదే: సెట్టింగ్ ఉంది, ప్రోగ్రామ్ లేదు.

కాన్ఫిగ్ వదిలేయాల్సిందే అన్నదానికి అసలైన ఉదాహరణ 2021లో వచ్చిన 21.02 వెర్షన్. చాలా రౌటర్లలో స్విచ్ (పోర్ట్‌లను కలిపే లోపలి భాగం) నడిపే పద్ధతి స్విచ్‌కాన్ఫిగ్ నుంచి డీఎస్ఏకి మారింది. పాత ఫైల్‌లో ల్యాన్ పోర్ట్‌లన్నీ 'ఈటీహెచ్0.1' అనే ఒకే పేరు కింద ఉండేవి. కొత్తదాంట్లో ల్యాన్1, ల్యాన్2, వ్యాన్ (ఇంటర్నెట్ వైపు పోర్ట్) అని విడివిడి పేర్లు. పాత ఫైల్‌ని కొత్త ఫర్మ్‌వేర్ చదివితే, లేని పోర్ట్ కోసం వెతుకుతుంది, ల్యాన్ లేవదు, మీరు లోపలికి వెళ్లడానికి దారే ఉండదు. అందుకే అలాంటి ఇమేజ్‌లు కాన్ఫిగ్ సరిపడదని చెప్పి అప్‌గ్రేడ్‌ని ఆపేస్తాయి. ఆ మెసేజ్ చూసి 'ఫోర్స్' కొట్టి, కాన్ఫిగ్ కూడా ఉంచుకున్నారనుకోండి, తర్వాత ఫెయిల్‌సేఫ్ మోడ్ (మీ సెట్టింగ్స్ పక్కనపెట్టి రౌటర్‌ని లేపే దారి) నేర్చుకోవాల్సి వస్తుంది.

రీసెట్ చేయాలా వద్దా తేలనప్పుడు ఒక చిట్కా: రామ్ కాదు, రోమ్ అనే ఫోల్డర్ చూడండి. ఫర్మ్‌వేర్‌తో వచ్చిన అసలు ఫైళ్లు అక్కడుంటాయి. రోమ్ కింద ఉన్న ఫైర్‌వాల్ ఫైల్‌నీ, మీ ఫైర్‌వాల్ ఫైల్‌నీ డిఫ్ (తేడాలు చూపే కమాండ్) కొట్టి పక్కపక్కన పెట్టండి. కొత్త వెర్షన్ డిఫాల్ట్‌గా ఏ రూల్ చేర్చిందో, మీ దాంట్లో ఏది లేదో వెంటనే తేలిపోతుంది. నెట్‌వర్క్, వైర్‌లెస్ ఫైళ్లు మాత్రం రోమ్‌లో దొరకవు, అవి మొదటి బూట్‌లో ఆ రౌటర్‌ని బట్టి తయారవుతాయి.

ఎక్స్86 పెట్టెల్లో (పీసీ తరహా ప్రాసెసర్ ఉన్నవి) ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ ఇమేజ్ వేసుకున్నవాళ్లకి ఓవర్‌లే పొరే లేదు, కాబట్టి రీసెట్ ఆప్షనూ లేదు. ఇమేజ్ మళ్లీ రాసుకోవడమే.

చిక్కుముడి_కేబుల్

చాలా థ్యాంక్స్ అండీ, ఇద్దరికీ. అంటే నా విషయంలో రీసెట్ తప్పదు. ఇంకో రెండు సందేహాలు. రీసెట్ మెనూ నుంచి చేయాలా, వెనక ఉన్న చిన్న బటన్‌తోనా? అప్పుడెప్పుడో 30-30-30 అని ఒక పద్ధతి చదివా, అది ఇంకా పనికొస్తుందా? నా రౌటర్‌కి ముందు ఫైబర్ కంపెనీ ఇచ్చిన ఓఎన్‌టీ (ఫైబర్ తీగ వచ్చి చేరే పెట్టె) ఒకటి ఉంది. దానికి కూడా ఈ మధ్య ఫర్మ్‌వేర్ దానంతటదే మారింది. దాన్నీ రీసెట్ చేయాలా?

పిన్నీసు

30-30-30 వద్దు. మీ రౌటర్ మీద అసలు వద్దు.

అది డీడీ-డబ్ల్యూఆర్‌టీ తొలిరోజుల్లో, పాత బ్రాడ్‌కామ్ మిప్స్ ప్రాసెసర్ రౌటర్ల కోసం పుట్టిన పద్ధతి. కరెంట్ ఉండగా రీసెట్ బటన్ 30 సెకన్లు, బటన్ వదలకుండా కరెంట్ తీసి 30 సెకన్లు, మళ్లీ కరెంట్ ఇచ్చి ఇంకో 30 సెకన్లు. ఆర్మ్ ప్రాసెసర్లతో వచ్చిన రౌటర్లలో, బటన్ నొక్కి పట్టి కరెంట్ ఇస్తే బూట్‌లోడర్ (ఫర్మ్‌వేర్‌ని లేపే చిన్న ప్రోగ్రామ్) దాన్ని వేరే సైగగా తీసుకుంటుంది. చాలా ఆసుస్ మోడళ్లలో అది రెస్క్యూ మోడ్: పవర్ లైట్ నెమ్మదిగా మిణుకుతూ, రౌటర్ కొత్త ఫర్మ్‌వేర్ ఫైల్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. దాన్ని చూసి 'చచ్చిపోయింది' అని పారేసేవాళ్లున్నారు. కొన్ని మోడళ్లలో నిజంగానే పాడవుతుంది కూడా.

మెనూ పద్ధతి: అడ్మినిస్ట్రేషన్‌లో రీస్టోర్, సేవ్, అప్‌లోడ్ సెట్టింగ్ అనే ట్యాబ్. అక్కడ ఫ్యాక్టరీ డిఫాల్ట్ పక్కన 'ఇనిషియలైజ్' అని మొదలయ్యే ఒక చిన్న టిక్ బాక్స్ ఉంటుంది. టిక్ పెట్టకుండా రీస్టోర్ కొడితే సెట్టింగ్స్ పోతాయి గానీ ట్రాఫిక్ ఎనలైజర్, వెబ్ హిస్టరీ లాంటి వాటి డేటాబేస్‌లు మిగిలిపోతాయి. శుభ్రం చేయాలని కూర్చున్నాక సగం ఎందుకు, టిక్ పెట్టండి.

బటన్ పద్ధతి: రౌటర్ పూర్తిగా లేచి ఉండగా, పిన్నుతో నొక్కి పట్టుకోవాలి, పవర్ లైట్ మిణకడం మొదలయ్యాక వదలాలి. చాలా రౌటర్లకి 5 నుంచి 10 సెకన్లు. సెకన్లు లెక్కపెట్టడం కన్నా లైట్ చూడడం నయం. రెండు సెకన్లు నొక్కి వదిలేస్తే కొన్ని పెట్టెలు రీబూట్ మాత్రమే అవుతాయి. రీసెట్ అయిందనుకుని పాత సెట్టింగ్స్‌తోనే కుస్తీ పడతారు. అయిందో లేదో తెలుసుకోవడం తేలిక: వై-ఫై పేరు స్టిక్కర్ మీద ఉన్న పేరుకి మారాలి. మారలేదంటే రీసెట్ కాలేదు.

ఆసుస్‌లో మూడో దారి డబ్ల్యూపీఎస్ బటన్ (పాస్‌వర్డ్ కొట్టకుండా పరికరాలను వై-ఫైకి కలిపేది). పవర్ ఆపి, డబ్ల్యూపీఎస్ నొక్కి పట్టి, పవర్ ఆన్ చేసి, లైట్ మారేదాకా వదలకుండా ఉండాలి. మెనూలోకే వెళ్లలేనప్పుడు, మిగతా రెండూ ఫలించనప్పుడు దీని అవసరం. లైట్ ఆరిపోతుందా, వేగంగా మిణుకుతుందా అన్నది మోడల్‌ని బట్టి ఉంటుంది, కంపెనీ సపోర్ట్ పేజీలో మీ మోడల్ పేరు కింద చూసుకోండి.

ఫైబర్_కొస

ఓఎన్‌టీ జోలికి పోకండి. ఇది గట్టిగానే చెబుతున్నా.

కంపెనీ ఇచ్చిన పెట్టెని దూరం నుంచే, సాధారణంగా టీఆర్-069 అనే పద్ధతిలో, కంపెనీ సర్వరే నడిపిస్తుంది. ఫర్మ్‌వేర్ వాళ్లే పంపుతారు, ఆ వెర్షన్‌కి తగ్గ సెట్టింగ్స్ కూడా వాళ్లే చూసుకుంటారు. మీరు బటన్ నొక్కితే పోయేవి ఇవి: పీపీపీఓఈ (కంపెనీ నెట్‌వర్క్‌కి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వీల్యాన్ నంబర్, బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటింగ్ పని మీ రౌటర్‌కే వదిలేసే మోడ్) పెట్టి ఉంటే ఆ మోడ్, ల్యాండ్‌లైన్ ఉంటే దాని సిప్ (ఇంటర్నెట్ కాల్స్ పద్ధతి) వివరాలు, కొన్ని నెట్‌వర్క్‌లలో ఫైబర్‌కి రిజిస్టర్ అవడానికి వాడే ఎల్ఓఐడీ లేదా పాస్‌వర్డ్ కూడా. చివరిది పోతే పెట్టె అటు సర్వర్‌తో మాట్లాడనే లేదు, కాబట్టి సెట్టింగ్స్ తిరిగి తెచ్చుకునే దారి కూడా మూసుకుపోతుంది. టెక్నీషియన్ వచ్చేదాకా నెట్ ఉండదు.

సొంత రౌటర్ రీసెట్ చేసే ముందు కూడా వ్యాన్ పేజీ ఒకసారి చూడండి. మూడు విషయాలు రాసిపెట్టుకోవాలి. పీపీపీఓఈ అయితే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్. పాస్‌వర్డ్ చుక్కలుగా కనిపిస్తే స్క్రీన్‌షాట్ వల్ల ఉపయోగం లేదు, కంటి బొమ్మ నొక్కి చూసి రాసుకోండి. వీల్యాన్ నంబర్ ఉంటే అది. మ్యాక్ క్లోన్ (వేరే పరికరం హార్డ్‌వేర్ అడ్రస్‌ని రౌటర్ తనదిగా చూపడం) ఉంటే ఆ అడ్రస్. ఈ మూడోది అందరూ మరిచిపోతారు. కంపెనీ పాత మ్యాక్ అడ్రస్‌నే గుర్తుపెట్టుకుని ఉంటే, రీసెట్ తర్వాత రౌటర్ తన అసలు మ్యాక్‌తో వెళ్లి అడుగుతుంది, అటు నుంచి ఐపీ రాదు. వివరాలన్నీ సరిగ్గా ఉన్నా పీపీపీఓఈ కలవకపోతే కంగారు పడకండి. పాత సెషన్ అటువైపు ఇంకా తెగి ఉండదు. వ్యాన్ కేబుల్ పీకి 10 నిమిషాలు ఆగి మళ్లీ పెట్టండి.

ఎన్‌వీర్యామ్_పిచ్చి

సరే, మీ 22 రిజర్వేషన్ల సంగతికి వద్దాం. కేబుల్‌తోనే చేయండి, వై-ఫై మీద వద్దు.

ముందు రౌటర్ మోడల్, హార్డ్‌వేర్ వెర్షన్ స్టిక్కర్ మీద చూసి సరైన ఫైల్ దించుకోండి. ఎస్‌హెచ్‌ఏ256 విలువ (ఫైల్‌కి వేలిముద్ర లాంటిది) సరిపోల్చండి. జిప్ విప్పాక వచ్చే ఫైల్‌దా, జిప్‌దా అన్నది గమనించండి, లేకపోతే ఫైల్ బాగానే ఉన్నా విలువ కలవదు.

బ్యాకప్ రెండు రకాలు తీయండి. సెట్టింగ్స్ ఫైల్ ఒకటి, జేఎఫ్ఎఫ్ఎస్ (ఫ్లాష్‌లో స్క్రిప్ట్‌లు వగైరా ఉండే భాగం) బ్యాకప్ ఇంకోటి. ఇవి కొత్త వెర్షన్‌లో ఎక్కించడానికి కాదు. కొత్తది నచ్చక 386కే తిరిగి రావాల్సివస్తే అప్పుడు పనికొస్తాయి. ఇవి కాక, ఎన్‌వీర్యామ్ షో అవుట్‌పుట్‌ని సార్ట్ చేసి ఒక టెక్స్ట్ ఫైల్‌లో దాచండి. అసలు ఉపయోగపడేది ఇదే. అందులో పాస్‌వర్డ్‌లన్నీ బట్టబయలుగా ఉంటాయి, కాబట్టి ఆ ఫైల్‌ని ఇక్కడ పోస్ట్ చేయకండి.

ఓపెన్‌వీపీఎన్ సర్వర్ ఉంది కదా, దాని కీస్ అండ్ సర్టిఫికెట్స్ పేజీలో ఉన్నవన్నీ కాపీ చేసుకోండి. రీసెట్ అయితే కొత్త సర్టిఫికెట్ అథారిటీ తయారవుతుంది, ఫోన్లలో, ల్యాప్‌టాప్‌లలో ఉన్న పాత ఓవీపీఎన్ ఫైళ్లు దేనికీ కనెక్ట్ కావు. పాత కీలు తిరిగి అతికిస్తే అవే ఫైళ్లు నడుస్తాయి.

యూఎస్‌బీ డ్రైవ్ ఉంటే సరిగ్గా ఇజెక్ట్ చేసి పీకేయండి. రౌటర్‌ని ఒకసారి రీబూట్ చేయండి. ఫర్మ్‌వేర్ ఫైల్ ముందుగా రామ్‌లోకి ఎక్కి, అక్కడి నుంచి ఫ్లాష్‌కి వెళ్తుంది. నెల రోజులుగా నడుస్తున్న రౌటర్‌లో రామ్ చాలక అప్‌లోడ్ మధ్యలో ఆగిపోవడం మామూలే.

ఇక అప్‌డేట్ చేయండి. మూడు నుంచి ఐదు నిమిషాలు. పేజీ లోడ్ కాకపోయినా కరెంట్ మాత్రం తీయొద్దు. లేచాక ఇంకో ఐదు నిమిషాలు వదిలేయండి, అప్పుడు రీసెట్.

రీసెట్ తర్వాత వ్యాన్ కేబుల్ పెట్టకముందే అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. వై-ఫై పేరు, పాస్‌వర్డ్, సెక్యూరిటీ రకం మూడూ పాతవే పెట్టండి. ఇంట్లో ఒక్క పరికరాన్ని కూడా ముట్టుకోనక్కర్లేదు, వాటంతటవే వచ్చి కలుస్తాయి. ఆ తర్వాత వ్యాన్. ఇక్కడ ఆగి, ఒక గంటైనా ఈ బోడి సెట్టింగ్స్‌తోనే నడవనివ్వండి. ఏదైనా తేడా ఉంటే అది ఫర్మ్‌వేర్‌దేనని ఇప్పుడే తెలుస్తుంది. అన్నీ ఒకేసారి పెట్టేశాక తేడా వస్తే దేనివల్లో తేల్చుకోలేరు.

రిజర్వేషన్లకి ఒక అడ్డదారి ఉంది. కొత్త ఫర్మ్‌వేర్‌లో ఒక్క రిజర్వేషన్ చేత్తో పెట్టి అప్లై కొట్టండి. ఎస్ఎస్‌హెచ్‌లో 'డీహెచ్‌సీపీ అండర్‌స్కోర్ స్టాటిక్‌లిస్ట్' అనే పేరు విలువ ఏమిటో చూడండి. ఒక్కో పరికరం ఎడమవైపు కోణం గుర్తుతో (<) మొదలై, మ్యాక్, ఐపీ వగైరా కుడివైపు కోణం గుర్తుతో (>) విడదీసి ఉంటాయి. మీ పాత టెక్స్ట్ ఫైల్‌లోని వరుసతో పోల్చండి. ఎన్ని గడులున్నాయో, ఏ వరుసలో ఉన్నాయో అచ్చం ఒకేలా ఉంటే పాత విలువంతా ఎన్‌వీర్యామ్ సెట్‌తో పెట్టి, ఎన్‌వీర్యామ్ కమిట్ కొట్టి, రీబూట్ చేయండి. 22 ఒక్క దెబ్బకి అయిపోతాయి. ఒక్క గడి తేడా ఉన్నా చేత్తోనే కొట్టండి. వై-ఫైకి సంబంధించిన వరుసలకి ఈ అడ్డదారి ఎట్టి పరిస్థితిలోనూ వాడకండి.

స్క్రిప్ట్‌లు జేఎఫ్ఎఫ్ఎస్‌లో ఉంటాయి. రీసెట్ తర్వాత అవి ఉన్నా నడవవు, ఎందుకంటే సిస్టమ్ పేజీలో జేఎఫ్ఎఫ్ఎస్ కస్టమ్ స్క్రిప్ట్‌ల ఆప్షన్ డిఫాల్ట్‌గా 'నో'. దాన్ని 'యెస్' చేసి రీబూట్ చేయాలి. జేఎఫ్ఎఫ్ఎస్‌ని కూడా ఫార్మాట్ చేయాలనుకుంటే స్క్రిప్ట్ ఫైళ్లు రెండూ విడిగా కంప్యూటర్‌లోకి తెచ్చుకుని, పని అయ్యాక వాటిని మాత్రమే తిరిగి పెట్టండి. మొత్తం జేఎఫ్ఎఫ్ఎస్ బ్యాకప్‌ని కాదు. ఎన్‌వీర్యామ్‌లో పట్టని పొడుగాటి జాబితాలు కొన్ని మోడళ్లలో అక్కడే దాగి ఉంటాయి, పాత చెత్త ఆ కిటికీ గుండా కూడా లోపలికి రాగలదు.

ఓవర్‌లే

ఒక చిన్న అభ్యంతరం. ఇది చదివి ప్రతి చిన్న అప్‌డేట్‌కీ ఇంత తతంగం ఉందనుకుని అప్‌డేట్లే మానేసేవాళ్లు ఉంటారు. సెక్యూరిటీ రంధ్రం పూడ్చిన ఫర్మ్‌వేర్‌ని 'ఆదివారం తీరిగ్గా రీసెట్‌తో సహా చేద్దాం' అని ఆరు నెలలు వాయిదా వేయడం కన్నా, రీసెట్ లేకుండా ఇవాళే ఎక్కించడం వెయ్యి రెట్లు నయం. రీసెట్ తర్వాత తీరుబడిగా కూడా చేసుకోవచ్చు.

ఇంకో భ్రమ: 'రీసెట్ చేశాక స్పీడ్ పెరిగింది, కాబట్టి పాత సెట్టింగ్స్ పాడైపోయాయి.' బోడిగుండుకీ మోకాలికీ ముడి. చాలాసార్లు జరిగేది ఏమిటంటే, రీసెట్‌తో క్యూఓఎస్ (ఏ ట్రాఫిక్‌కి ముందు దారి ఇవ్వాలో చూసే ఫీచర్) ఆగిపోతుంది. క్యూఓఎస్ ఆన్‌లో ఉంటే చాలా రౌటర్లలో ప్యాకెట్లు ప్రాసెసర్ గుండా పోవాలి, హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆగుతుంది. అది ఆగిపోగానే యాక్సిలరేషన్ తిరిగి వచ్చి స్పీడ్ పెరుగుతుంది. ఆ ఒక్క ఆప్షన్ ఆపి చూసి ఉంటే రీసెట్ పనే ఉండేది కాదు.

విన్‌బాక్స్_కిటికీ

మైక్రోటిక్ రౌటర్లు వాడేవాళ్ల కోసం రెండు ముక్కలు. వాటిని నడిపే రౌటర్ఓఎస్ అప్‌గ్రేడ్‌కి రీసెట్ అక్కర్లేదు, కాన్ఫిగ్ తనే మార్చుకుంటుంది. అయితే డిఫాల్ట్ ఫైర్‌వాల్ రూల్స్ మాత్రం మీరు పెట్టె కొన్ననాటివే ఉంటాయి, అప్‌గ్రేడ్ వాటిని తాకదు. సిస్టమ్ డిఫాల్ట్-కాన్ఫిగరేషన్ ప్రింట్ కొట్టి కొత్తవి చూసి చేత్తో చేర్చుకోవాలి. ఓఎస్ అయ్యాక రౌటర్‌బూట్ అనే బూట్‌లోడర్‌ని కూడా విడిగా అప్‌గ్రేడ్ చేసి మళ్లీ రీబూట్ చేయాలి.

7.12 కన్నా పాతదాంట్లో ఉంటే ముందు 7.12, ఆ తర్వాతే 7.13 లేదా పైది. 7.13 నుంచి వైర్‌లెస్ ప్యాకేజీ విడిపోయింది, మధ్యలో ఆగకుండా దూకితే వై-ఫై ప్యాకేజీ లేకుండా లేచే ప్రమాదం ఉంది. బ్యాకప్‌తో పాటు ఎక్స్‌పోర్ట్ కూడా తీయండి. బ్యాకప్ బైనరీ ఫైల్, ఆ పెట్టెకే ఆ వెర్షన్‌కే పనికొచ్చేది. ఎక్స్‌పోర్ట్ టెక్స్ట్ ఫైల్, ముక్కలుగా తిరిగి అతికించుకోవచ్చు. 7లో షో-సెన్సిటివ్ అని చేర్చకపోతే ఎక్స్‌పోర్ట్‌లో పాస్‌వర్డ్‌లు రావు.

చిక్కుముడి_కేబుల్

అప్‌డేట్, రీసెట్ రెండూ అయ్యాయి. రిజర్వేషన్ల వరుసలో గడులు అచ్చం కలిశాయి, ఒక్క దెబ్బకే అయిపోయింది. మిగిలినవి మూడు. రీబూట్ అయిన ప్రతిసారీ 5 గిగాహెర్ట్జ్ నిమిషం పైగా కనబడట్లేదు. ల్యాప్‌టాప్ నుంచి ఎస్ఎస్‌హెచ్ కొడితే పెద్ద హెచ్చరిక వచ్చి ఆగిపోతోంది. పాత ప్రింటర్ ఒక్కటి వై-ఫైకి రావట్లేదు, పేరూ పాస్‌వర్డూ పాతవే.

పిన్నీసు

మొదటిది డీఎఫ్ఎస్ (రాడార్ వాడే ఛానెల్‌కి అడ్డురాకుండా చూసే పద్ధతి). ఛానెల్ ఆటోలో ఉండి రౌటర్ 52 నుంచి పైకి ఉన్న డీఎఫ్ఎస్ ఛానెల్ ఎంచుకుంటే, అక్కడ రాడార్ లేదని తేల్చుకోవడానికి 60 సెకన్లు మౌనంగా వినాలి, ఆ తర్వాతే ప్రసారం మొదలవుతుంది. ఛానెల్‌ని 36కి కట్టేసి చూడండి, ఆ ఆలస్యం పోవాలి.

రెండోది మామూలే. రీసెట్‌తో రౌటర్ కొత్త హోస్ట్ కీ (తన గుర్తింపు కీ) తయారుచేసుకుంది, ల్యాప్‌టాప్ దగ్గర పాతది ఉంది. ఎస్ఎస్‌హెచ్-కీజెన్ కమాండ్‌కి మైనస్ పెద్ద ఆర్ పెట్టి రౌటర్ ఐపీ ఇస్తే పాత కీ పోతుంది. బ్రౌజర్‌లో హెచ్‌టీటీపీఎస్ హెచ్చరిక వచ్చినా కారణం ఇదే. మెనూ పేజీలు వంకరగా కనిపిస్తే మాత్రం అది బ్రౌజర్ దాచుకున్న పాత పేజీ, కంట్రోల్ ఎఫ్5 కొట్టండి.

ప్రింటర్ విషయంలో పేరూ పాస్‌వర్డూ కాదు, సెక్యూరిటీ రకం చూడండి. డబ్ల్యూపీఏ2/డబ్ల్యూపీఏ3 మిక్స్‌డ్‌లో ఉంటే పాత పరికరాలు కొన్ని తడబడతాయి. 2.4 గిగాహెర్ట్జ్‌ని డబ్ల్యూపీఏ2-పర్సనల్, ఏఈఎస్‌కి మార్చి, ప్రొటెక్టెడ్ మేనేజ్‌మెంట్ ఫ్రేమ్స్ డిజేబుల్ చేయండి. స్మార్ట్ కనెక్ట్ ఆన్‌లో ఉంటే ఆపి రెండు బ్యాండ్‌లకీ వేర్వేరు పేర్లు పెట్టి చూడండి. అప్పటికీ రాకపోతే 802.11ఏఎక్స్ (వై-ఫై 6) మోడ్‌ని ఒక్క 2.4లో ఆపండి. ఒక్కసారికి ఒక్కటే మార్చండి.

చిక్కుముడి_కేబుల్

ప్రొటెక్టెడ్ మేనేజ్‌మెంట్ ఫ్రేమ్స్ ఆపగానే ప్రింటర్ వచ్చింది. ఛానెల్ 36 కూడా పెట్టా, 5 గిగాహెర్ట్జ్ వెంటనే లేస్తోంది. చివరగా ఒకటి: రేపు ఏదైనా తేడా వచ్చి 386కి వెనక్కి వెళ్లాలంటే, అప్పుడు తీసిన బ్యాకప్ ఎక్కించొచ్చు కదా?

ఎన్‌వీర్యామ్_పిచ్చి

ఎక్కించొచ్చు, కానీ వరుస తప్పకూడదు. ముందు 386 ఎక్కించండి, లేచాక రీసెట్, ఆ తర్వాతే 386లో తీసిన సెట్టింగ్స్ ఫైల్, చివర్లో జేఎఫ్ఎఫ్ఎస్ బ్యాకప్, ఒక రీబూట్. మధ్యలో రీసెట్ మానేస్తే 388 కొత్తగా రాసిన వరుసలు అక్కడే మిగులుతాయి. కొత్తది పాతదాన్ని అర్థం చేసుకోవడానికి ఎవరో ఒకరు కోడ్ రాసి ఉంటారు గానీ, పాతది కొత్తదాన్ని అర్థం చేసుకోవడానికి ఎవరూ రాయలేరు కదా. ఆ బ్యాకప్ ఫైల్ పేరులో వెర్షన్ నంబర్, తేదీ చేర్చి పెట్టుకోండి. మూడు నెలల తర్వాత డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఒకే పేరుతో నాలుగు ఫైళ్లుంటే ఏది దేనిదో మీకే తెలియదు.